అశ్వవైద్యుడు గ్రిఫిత్ ఇవాన్స్

కృష్ణా తుంగభద్రల నడుమనున్న సీమకు నడిగడ్డ అని పేరు. హైదరాబాదు నుండి కర్నూలుకు పోయే రాజమార్గంలో బీచుపల్లి వద్ద కృష్ణను దాటగానే ఆ సీమ ప్రారంభమవుతుంది. నదీతీరాన ఆంజనేయస్వామి కొలువున్న ఆ ప్రశాంత క్షేత్రాన్ని చూచేవారికి, ఒకప్పుడు ఈ రెండు నదుల అంతర్వేది కొరకు ఎన్ని సేనలు కదలినవో స్ఫురించదు. విజయనగర రాజులును, బహమనీ సుల్తానులును, వారి తరువాత బీజాపురం ఏలికలును ఈ భూమి కొరకు తరతరాలు పోరాడినారు. ఆ పోరాటాలలో బలాబలాలను తేల్చిన అంగాలలో ముఖ్యమైనది అశ్వదళం. మేలుజాతి గుర్రాలు అరేబియా నుండి, పారసీకం నుండి ఓడలమీద పడమటి రేవులకు వచ్చేవి. దారిలో ఎన్నో చనిపోయేవి. చచ్చిన గుర్రపు తోకను చూపినా విజయనగర ప్రభువులు వెల చెల్లించేవారని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసి పెట్టినాడు. గుర్రం ప్రాణం రాజ్యం ప్రాణంతో ముడివడి ఉన్న కాలమది.

అందుచేతనే మన పూర్వులు అశ్వశాస్త్రాన్ని ఆదరించినారు. శాలిహోత్రుని పేరు ఆ శాస్త్రానికే పర్యాయపదమైపోయింది. విరాటుని కొలువులో నకులుడు దామగ్రంథి అనే పేరుతో అశ్వరక్షకుడై నిలిచిన కథ మన విద్యార్థులందరికీ తెలిసినదే. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణవిలాసమనే అశ్వశాస్త్ర గ్రంథాన్ని పద్యకావ్యంగా రచించినాడు. గుర్రపు సుళ్లు, వన్నెలు, నడకలు ఎరిగిన పండితులు ఈ దేశంలో ఎందరో ఉండినారు. అయితే ఒక గుర్రపు రోగం మరొక గుర్రానికి ఏ వాహనమెక్కి పోతుందో ఆ మార్గం మాత్రం సూక్ష్మదర్శిని వచ్చేదాకా మానవుని కంటికి అందలేదు. అట్టి మార్గాలలో ఒకదానికి మన దేశపు నేలమీదనే తొలి ఆనవాలు పట్టినవాడు గ్రిఫిత్ ఇవాన్స్.

ఇవాన్స్ 1835 ఆగస్టు 7వ తేదీన వేల్సు దేశంలో సముద్రతీరాన ఉన్న టవిన్ అనే ఊరి సమీపంలో జన్మించినాడు. ఆయన మాతృభాష ఇంగ్లీషు కాదు, వెల్షు. కొండల నడుమ పశువులను, గొర్రెలను పెంచుకొని బ్రతికే సీమ అది. పశువు జబ్బుపడితే ఇంటికి ఎంత నష్టమో, ఎంత దిగులో అక్కడి పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు. యువకుడు లండను నగరానికి పోయి రాయల్ వెటర్నరీ కళాశాలలో చదివి 1855లో పశువైద్యుడుగా పట్టం పొందినాడు. కొన్ని సంవత్సరాలు స్వతంత్రంగా వైద్యం చేసి, 1860లో సైన్యంలో చేరినాడు. ఆయనకు లభించినది ఫిరంగిదళంలో అశ్వవైద్యుని ఉద్యోగం. ఆనాడు ఫిరంగిని లాగేది గుర్రమే. గుర్రం కూలితే ఫిరంగి కదలదు. ఫిరంగి కదలకపోతే దళమే నిలిచిపోతుంది. అయినను సైన్యంలో అశ్వవైద్యునికి మనుష్యవైద్యునితో సమానమైన గౌరవం ఉండేది కాదు.

1861లో ఆయన దళాన్ని కెనడాకు పంపినారు. ఆ దేశంలో ఆయన దాదాపు పది సంవత్సరాలు గడపినాడు. పగలు సైన్యపు గుర్రాలను చూచుకుంటూనే, మిగిలిన వేళలలో మెగిల్ విశ్వవిద్యాలయంలో మనుష్యవైద్యం అభ్యసించి 1864లో ఎం.డి. పట్టం సంపాదించినాడు. ఉద్యోగపు మెట్లెక్కవలెనన్న ఆశతో చేసిన చదువు కాదది. పశువైద్యుడుగానే ఆయన జీవితాంతం నిలిచినాడు. మనిషి రోగానికి, పశువు రోగానికి మూలసూత్రాలు వేరు కావని ఆయనకు అప్పుడే నమ్మకం కుదిరినది. సూక్ష్మదర్శినితో పరిచయం కూడ ఆ కాలంలోనే బలపడినది.

అది అమెరికా దేశంలో ఉత్తర దక్షిణ రాష్ట్రాలు ఘోరంగా పోరాడుతున్న కాలం. 1864లో ఇవాన్స్ సెలవు పెట్టి ఉత్తర సైన్యపు శిబిరాలను చూడబోయినాడు. అబ్రహాం లింకనును కలుసుకొని మాట్లాడే భాగ్యం కూడ ఆయనకు కలిగినది. ఆ యుద్ధంలో గుర్రాలు లక్షలకొలది పనిచేసినవి. వేలాది గుర్రాలను ఒకచోట కూర్చి కట్టివేసిన శాలలలో గ్లాండర్స్ అనే అంటురోగం చెలరేగి సేనలకు తుపాకి గుండ్లకు తీసిపోని నష్టం కలిగించినది. ముక్కు నుండి చీము కారి, చర్మం మీద పుండ్లు లేచి, నీళ్ల తొట్టెల ద్వారా, మేత ద్వారా ఒకదాని నుండి మరొకదానికి ప్రాకే రోగం అది. ఆ రోగమే మనిషికి కూడ సోకి ప్రాణం తీస్తుంది. జబ్బు గుర్రాన్ని మంచి గుర్రం నుండి వేరుచేయడంలో ఆలస్యం జరిగితే ఫలితమేమిటో ఆ యుద్ధం లోకానికి చూపినది.

అంటురోగాలు ఎట్లా పుడతవి అన్న విషయంలో ఆ రోజులలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. చెడుగాలి వల్ల అని కొందరు, నేలలోని విషం వల్ల అని కొందరు, దేహంలోనే కుళ్లు పుట్టి రోగమవుతుందని మరికొందరు వాదించేవారు. ఫ్రాన్సులో పాస్చరు, జర్మనీలో కోఖ్ సూక్ష్మజీవులే కారణమని నిరూపించడానికి పూనుకొన్నారు. మన పల్లెలలో దొమ్మరోగం అని పిలిచే ఆంత్రాక్సు వ్యాధికి ఒక దండాకారపు సూక్ష్మజీవి కారణమని 1876లో కోఖ్ ప్రకటించినాడు. ఆ వార్త ఇంకా పచ్చిగా ఉండగానే, 1877లో ఇవాన్స్‌ను భారతదేశానికి పంపినారు. పంజాబులోని సియాల్‌కోటలో సైన్యపు గుర్రాలు అంతుపట్టని జ్వరంతో పడిపోతున్నవి. ఇవాన్స్ చనిపోయిన గుర్రాల రక్తాన్ని సూక్ష్మదర్శిని క్రింద ఉంచి పరిశీలించి, కోఖ్ వర్ణించిన దండాలనే అందులో చూచినాడు. క్రొత్త సిద్ధాంతాన్ని ఈ దేశంలో స్వయంగా పరీక్షించి చూచిన మొదటివారిలో ఆయన ఒకడు.

అసలు పరీక్ష 1880లో వచ్చినది. సింధునది ఒడ్డున, నేడు పాకిస్థానులో ఉన్న డేరా ఇస్మాయిల్ ఖాన్ ప్రాంతంలో గుర్రాలు, ఒంటెలు క్షీణించి చనిపోతున్నవి. అక్కడి ప్రజలు ఆ రోగాన్ని సుర్రా అనేవారు. కుళ్లిపోయినది అని ఆ మాటకు అర్థం. ఈ రోగం దొమ్మ వలె ఒక్క దెబ్బతో పడవేసేది కాదు. జ్వరం వస్తుంది, తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. గుర్రం మేత మేస్తూనే ఉంటుంది. అయినా నానాటికీ ఎముకలగూడు అవుతుంది. కళ్ల లోపలి పొర పాలిపోతుంది. కాళ్లలోను, పొట్ట క్రిందను నీరు దిగుతుంది. నడుము వెనుక భాగం పట్టు తప్పి తూలుతుంది. కొన్ని వారాలకో, కొన్ని నెలలకో ప్రాణం పోతుంది. మేపులో లోపమని, ఎండదెబ్బ అని, నిలవనీరు త్రాగడమని పలువురు పలువిధాల అనుకొన్నారు.

ఇవాన్స్ తన అలవాటు ప్రకారం జబ్బు గుర్రపు రక్తపుచుక్కను తీసి చూచినాడు. ఎర్రకణాల నడుమ చేపపిల్ల వలె మెలికలు తిరుగుతూ, వాటిని అటూ ఇటూ నెట్టివేస్తూ ఏదో ఒక ప్రాణి కదలుతున్నది. దానికి సన్నని తోక వంటి కొరడా ఉన్నది. అదెంత చురుకైనదంటే, ప్రాణి కనపడకముందే అది తాకిన ఎర్రకణాల కుదుపు కంటికి కనిపించేది. ఒక గుర్రంలో చూచి ఆయన తృప్తిపడలేదు. జబ్బుపడిన ఇతర గుర్రాలలోను, ఒంటెలలోను అదే కనిపించినది. జ్వరం హెచ్చుతగ్గులకును, రక్తంలో ఆ ప్రాణి కనపడడానికిని సంబంధమున్నట్లు ఆయన గమనించినాడు.

ఆ మీదట వేసిన అడుగే శాస్త్రజ్ఞుని శాస్త్రజ్ఞునిగా నిలబెట్టేది. రోగంతోపాటు ఒక ప్రాణి కనిపించినంతమాత్రాన అదే రోగానికి కారణమని అనరాదు. రోగం వల్ల బలహీనపడిన దేహంలో అది తరువాత చేరి ఉండవచ్చును. ఈ సందేహం తీరవలెనంటే మార్గమొక్కటే. ఇవాన్స్ జబ్బు గుర్రపు రక్తాన్ని ఆరోగ్యంగా ఉన్న జంతువులకు ఎక్కించి చూచినాడు. వాటి రక్తంలోను ఆ ప్రాణులు పుట్టినవి, అవియును జబ్బుపడినవి. రోగం అంటుతుందనిన్నీ, అంటించేది రక్తమనిన్నీ, ఆ రక్తంలో ఈ ప్రాణి ఉండితీరుతుందనిన్నీ దీనితో తేలినది. వెన్నెముక గల జంతువుకు ట్రిపనొసోము జాతి సూక్ష్మజీవి రోగం కలిగిస్తుందని లోకంలో మొట్టమొదట చూపిన పరిశోధన ఇదే.

ఆయన నివేదికకు దొరకవలసిన ఆదరం దొరకలేదు. దానికి కారణం లేకపోలేదు. కలకత్తాలో తిమొతీ లూయిస్ అనే ప్రసిద్ధ వైద్యుడు 1878 ప్రాంతంలోనే ఎలుకల రక్తంలో ఇటువంటి ప్రాణులను చూచి వర్ణించి ఉన్నాడు. ఆ ఎలుకలు నిక్షేపంగా తిరుగుతుండేవి. ఎలుకకు హాని చేయనిది గుర్రానికి మాత్రం ఎట్లా చేస్తుందని పెద్దల ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే గాని, దానికి సమాధానం ప్రయోగంలో ఉన్నది, హోదాలో లేదు. ఎలుకలోని జీవి వేరు, గుర్రంలోని జీవి వేరు అని తరువాతి కాలం నిరూపించినది. ఆనాడు మాత్రం వైద్యశాఖలో పైనున్నవారి అభిప్రాయం ఒక పశువైద్యుని అభిప్రాయంకంటె బరువుగా తూగినది. సూక్ష్మజీవి కారణమని ఒప్పుకొంటే జబ్బు గుర్రాన్ని విడిగా కట్టవలె. ఒప్పుకొనకపోతే అది మంచి గుర్రం ప్రక్కనే ఉంటుంది. వాదం పండితులది, నష్టం గుర్రాలది అయినది. ఇవాన్స్ కలహానికి దిగలేదు, చూచినదానిని ఉపసంహరించుకొనలేదు. తన పరిశీలనలను పశువైద్య పత్రికలో 1881, 1882 సంవత్సరాలలో ప్రకటించి, తీర్పును కాలానికి విడిచిపెట్టినాడు.

ఇందులో మరొక విశేషమున్నది. పెద్ద గోధుమరంగు ఈగలు కుట్టడం వల్ల ఈ రోగం వస్తుందని ఆ ప్రాంతపు ప్రజలలో కొందరు అనేవారు. చదువుకొన్నవాడనన్న గర్వంతో ఇవాన్స్ ఆ మాటను తోసిపుచ్చలేదు. విచారించదగిన విషయంగా లెక్కలోకి తీసుకొన్నాడు. మన భాషలో ఆ ఈగకు జోరీగ అని పేరు. చెవిదగ్గర దాని రొద ఎంత బాధాకరమో మన కవులు ఎరుగుదురు. దాని నోటిలోని అపాయం శాస్త్రం చెప్పవలసి వచ్చినది. జోరీగ కత్తివంటి నోటితో చర్మాన్ని చీల్చి రక్తం పీలుస్తుంది. నొప్పికి గుర్రం తోక విసురుతుంది, కాలు దులుపుతుంది. కడుపు నిండని ఈగ లేచిపోయి ప్రక్క గుర్రం మీద వాలి మళ్లీ కుడుతుంది. నోటికి అంటిన తడిరక్తంతోపాటు సుర్రా జీవులు క్రొత్త దేహంలో ప్రవేశిస్తవి. దోమలో మలేరియా జీవి వలె ఇది ఈగ కడుపులో పెరిగి రూపం మార్చుకొనేది కాదు. ఈగ కేవలం మురికి సూది వంటిది. కనుకనే ఆ రక్తం ఆరకముందే రెండవ కాటు పడవలె. జబ్బు పశువును మిగిలినవాటికి తగినంత ఎడంగా కట్టితే ఈగ ఎగిరివచ్చేలోపల నోటిమీది జీవులు చచ్చిపోతవి. ఎంత పెద్ద రోగానికి ఎంత చిన్న ఉపాయం!

ఈగలే రోగవాహకాలని 1901లో లెనార్డ్ రోజర్స్ భారతదేశంలో ప్రయోగపూర్వకంగా చూపినాడు. అంతకు నాలుగేండ్లకు ముందు, 1897 ఆగస్టు 20వ తేదీన, మన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జీవిని కనుగొన్నాడు. కీటకాలు రోగాలను మోస్తవనే భావం శాస్త్రలోకంలో నిలద్రొక్కుకొన్నది ఈ నడిమి సంవత్సరాలలోనే.

ఈలోగా ఇవాన్స్ పేరు ఆ జీవితో శాశ్వతంగా జతపడినది. 1885లో బర్మాలో కంచరగాడిదలకు వచ్చిన ఇటువంటి రోగాన్ని పరిశీలించిన జాన్ హెన్రీ స్టీల్ ఆ జీవికి ఇవాన్స్ పేరు పెట్టినాడు. దాని జాతి ఏదో అప్పటికి సరిగా తెలియక పేరులోని మొదటి పదం మారినది గాని రెండవ పదం మారలేదు. నేటికీ దానిని ట్రిపనొసోమా ఇవాన్సీ అనే వ్యవహరిస్తున్నారు. 1895 ప్రాంతంలో డేవిడ్ బ్రూస్ ఆఫ్రికాలోని జూలూ దేశంలో పశువులను చంపే నగానా రోగానికి దీని బంధువే కారణమని కనుగొన్నాడు. కొలది సంవత్సరాలకే ఆఫ్రికాలో మనుషులను బలిగొంటున్న అతినిద్రా వ్యాధికి అదే కుటుంబపు జీవి మూలమని తేలినది. ఇరవై సంవత్సరాలకు ముందు సింధుతీరంలో ఒక గుర్రపు రక్తపుచుక్కలో కనిపించినది ఒక ఖండపు మనుష్యుల ప్రాణరక్షణకు దారి చూపినది.

నిర్లక్ష్యం ఖరీదు ఎంతటిదో మోరిషస్ ద్వీపం చెప్పగలదు. కోస్తా జిల్లాలనుండి పొట్ట చేతపట్టుకొని పోయిన మన తెలుగువారు చెరకు తోటలలో పనిచేస్తున్న ద్వీపమది. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో, 1901, 1902 సంవత్సరాలలో, దిగుమతియైన పశువుల వెంట సుర్రా అక్కడ అడుగుపెట్టినది. చెరకు బండ్లను లాగే గుర్రాలు, కంచరగాడిదలు, ఎద్దులు కుప్పకూలినవి. తోటలనుండి గానుగలకు చెరకు చేర్చడానికి చిన్న రైలుపట్టాలు వేసుకొనవలసి వచ్చినది.

ఇవాన్స్ 1885లో భారతదేశం విడిచి స్వదేశం చేరినాడు. 1890లో సైన్యపు కొలువు చాలించి ఉత్తర వేల్సులోని బాంగర్ పట్టణంలో స్థిరపడినాడు. విశ్రాంతి ఆయనకు సరిపడలేదు. అక్కడి విశ్వవిద్యాలయ కళాశాలలో రైతుబిడ్డలకు పశువుల ఆరోగ్యరక్షణను గురించి సుమారు ఇరవై సంవత్సరాలు పాఠాలు చెప్పినాడు. పశువు జబ్బుపడిన తరువాత చేసే వైద్యంకంటె జబ్బు పడకుండ చేసే జాగ్రత్త మేలన్నది ఆ పాఠాల సారం. ఆయన కృషికి తగిన గుర్తింపు 1917లో లభించినది. లివర్‌పూల్‌లోని ఉష్ణమండల వైద్య విద్యాలయం ఆయనకు మేరీ కింగ్‌స్లీ పతకాన్ని బహూకరించినది. అప్పటికి ఆయన వయస్సు 82 సంవత్సరాలు. సుర్రా జీవిని కనుగొని 37 సంవత్సరాలు. ఒకనాడు సందేహించినవారిలో లూయిస్ చనిపోయి అప్పటికే మూడు దశాబ్దాలు దాటినవి. నూరు సంవత్సరాల నిండుజీవితం గడిపి, 1935 డిసెంబరులో ఇవాన్స్ బాంగర్‌లో కన్నుమూసినాడు.

ఆయన కనుగొన్న శత్రువు ఇంకా చావలేదు. ఆ జీవి తన పైపొరను మాటిమాటికి మార్చుకొంటూ దేహపు రక్షణబలాన్ని మోసగిస్తుంది; అందుచేత దానికి నేటివరకు టీకా లేదు. సురామిను, క్వినాపిరమిను వంటి మందులున్నవి. గేదెలలోను, ఆవులలోను ఇది బయటికి కనపడకుండ దాగి ఉండి, వానకాలంలో జోరీగలు ప్రబలినప్పుడు గుర్రాలను పట్టుకొంటుంది. 2000 సంవత్సరం జూలైలో ఒరిస్సాలోని నందన్‌కానన్ జంతుశాలలో ఎన్నో పులులు ఈ రోగానికి బలియైనవి. 2004లో, తెలంగాణ సరిహద్దునే ఉన్న చంద్రపూర్ జిల్లాలో, ఒక రైతుకు ఈ జీవి సోకినట్లు తేలినది. మానవుని రక్తంలో దీనిని చంపే ఒక సహజపదార్థం ఉన్నది. ఆ రైతు రక్తంలో అది లోపించినదని తరువాతి పరిశోధనలు చెప్పినవి. సురామినుతో ఆయన కోలుకొన్నాడు.

గుర్రాల అంటురోగాలను అరికట్టడానికి చట్టాలు కూడ వచ్చినవి. గ్లాండర్స్ కొరకు 1899లోను, సుర్రా జీవికి సోదరి అయిన మరొక జీవి వల్ల వచ్చే డౌరీన్ రోగం కొరకు 1910లోను చేసిన శాసనాల స్థానంలో 2009లో పశువుల అంటువ్యాధులన్నిటికీ కలిపి ఒకే శాసనం ఏర్పడినది. అశ్వజాతి రోగాల పరిశోధనకు 1985లో హిస్సారులో జాతీయ కేంద్రం స్థాపితమైనది. అయితే శాసనమైనా, పరిశోధనాలయమైనా చెప్పేది ఇవాన్స్ చేసి చూపిన పనినే. జ్వరపడిన గుర్రపు రక్తాన్ని వెంటనే పరీక్ష చేయించవలె. తేలేదాకా దానిని ఎడంగా కట్టవలె. క్రొత్తగా కొన్న గుర్రాన్ని వచ్చీరాగానే పాతవాటితో కలపరాదు. ఒకదానికి వాడిన సూది మరొకదానికి వాడరాదు; ఈగ చేసే పని మనిషి చేయరాదు గదా! శాల చుట్టూ పేడ, మురుగునీరు నిలువరాదు.

నడిగడ్డ మీదుగా గుర్రపుదళాలు పోయిన రోజులు గతించినవి. జట్కాబండ్లు సైతం మన పట్టణాల వీథులలో అరుదైపోయినవి. అయినా పందెపు గుర్రం వెల లక్షలలో ఉన్నది. పెండ్లి ఊరేగింపు గుర్రం మీదనే ఒక పేదకుటుంబం బ్రతుకుతున్నది. పందెపు గుర్రానికి వైద్యులు పలువురు ఉంటారు. ఊరేగింపు గుర్రం మేత మేస్తూనే చిక్కిపోతుంటే దాని యజమానికి తోచే కారణం దిష్టి తగిలిందనో, మేత చాలలేదనో కావచ్చును. ఆ సమయంలో ఒక రక్తపుచుక్క తీసి సూక్ష్మదర్శిని క్రింద ఉంచగల పశువైద్యశాల అతనికి అందుబాటులో ఉంటే ఆ గుర్రం బ్రతుకుతుంది, దాని ప్రక్కన కట్టిన గుర్రమున్నూ బ్రతుకుతుంది. ఇవాన్స్ నూరేండ్ల జీవితం మిగిల్చిపోయిన ఫలం అదే.